ఇంట్లో చేసిన లామినేటెడ్ రికర్వ్ విల్లు: నారి పక్కకి జరుగుతోంది, రైజర్ (మధ్య పిడి ముక్క) దగ్గర ‘టిక్’మంటోంది. ఏం చేయాలి?

కొవ్వూరు_వడ్రంగి:

అందరికీ నమస్కారం. మాది కొవ్వూరు, గోదారి గట్టు. నాన్నది వడ్రంగం, నాదీ అదే. ఇంటి వెనకాల రేకుల షెడ్డులో తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తుంటాం. పగలంతా ఆ పని, రాత్రి తొమ్మిది దాటాక విల్లు పని.

చిన్నప్పుడు నాన్న వెదురు కోసం పాపికొండల వైపు వెళ్తూ నన్నూ లాంచీ ఎక్కించేవాడు. అక్కడ ఒక కొండరెడ్డి తాత విల్లు చేస్తుంటే పూటంతా పక్కనే కూర్చుని చూశాను. చేతిలో కత్తి తప్ప ఇంకేం లేదు. బద్ద గీస్తాడు, మోకాలికి ఆనించి వంచి చూస్తాడు, మళ్ళీ గీస్తాడు. నారి కూడా వెదురు బద్దే. అది మనసులో అలా ఉండిపోయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్ విలువిద్యలో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి కాంస్యం పోటీ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో ఆగిపోయిన రోజు షెడ్డులో పని ఆపేసి ఫోన్‌లో చూశాను. ఆ వారమే ప్లైవుడ్ కొని అచ్చు కోశాను.

విల్లు వివరాలు చెప్తాను. లామినేటెడ్ రికర్వ్, అంటే పొరలు అంటించి, చివర్లు ముందుకి వంచి చేసేది. పొడవు 60 అంగుళాలు, విడదీసేది కాదు, ఒకే ముక్క. రైజర్ టేకు. లింబ్‌లో (రైజర్‌కి పైనా కిందా వంగే చేతిలో) మధ్యన రెండు వెదురు పట్టీలు, వాటికి పైనా కిందా ఒక్కో మిల్లీమీటరు యూనిడైరెక్షనల్ (పోగులన్నీ ఒకే దిశలో ఉండే) ఫైబర్‌గ్లాస్. గ్లాస్ మా బావగారు అమెరికా నుంచి వస్తూ తెచ్చిపెట్టారు. వెదురు సాధన వెదురు, ఏడాది పాటు అటక మీద ఆరింది. ఒక వెదురు పట్టీకి అంగుళానికి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున సన్నబడేలా టేపరు పెట్టాను. 30 అంగుళాల పట్టీలో ఆ చివరికీ ఈ చివరికీ ఒకటిన్నర మిల్లీమీటరు తేడా వస్తుంది. రైజర్ పక్కన అన్నీ కలిపి మందం 9.6 మిల్లీమీటర్లు, వెడల్పు 42. జిగురు రెండు డబ్బాల ఎపాక్సీ. అచ్చు మీద పేర్చి సైకిల్ ట్యూబు పట్టీలతో చుట్టాను. రైజర్ దగ్గర మాత్రం నమ్మకం చాలక సి-క్లాంపులు పెట్టి గట్టిగా బిగించాను.

విల్లు చూడ్డానికి చాలా బాగా వచ్చింది. గ్లాస్ కింద వెదురు కణుపులు కనపడుతుంటే చేత్తో తడిమి చూసుకుంటూ కూర్చున్నాను. కానీ నారి ఎక్కించాక మూడు సమస్యలు తేలాయి.

ఒకటి, పై లింబ్ మెలి తిరుగుతోంది. బాణం వేసేవాడి వైపు నుంచి చూస్తే, రికర్వ్ వంపు మొదలయ్యేచోట నారి మధ్యలో కాకుండా కుడి అంచు వైపు 5 మిల్లీమీటర్లు జరిగింది. కింది లింబ్ సరిగ్గానే ఉంది.

రెండు, 24 అంగుళాల దాకా లాగినప్పుడు పై లింబ్ రైజర్‌ని కలిసేచోట సన్నగా ‘టిక్’మంది. ఒక్కసారే. మళ్ళీ లాగితే రాలేదు. పైకి పగులేమీ కనపడలేదు.

మూడు, నారి 28 అంగుళాలు లాగితే 35 పౌండ్ల బరువు రావాలని చేస్తే, సామాన్లు తూచే హుక్ తూకంతో చూసినప్పుడు 44 దగ్గర ఆగింది. దాదాపు 20 కిలోలు.

మెలి తీయడానికి ఏ అంచు రుద్దాలి? బరువు తగ్గించవచ్చా? ఆ శబ్దం గురించి కంగారు పడాలా? దీని మీద నాలుగు నెలలు పెట్టాను, పాడు చేసుకోవాలని లేదు.

బెజవాడ_బాణం:

అన్నా, ఫోటోలో విల్లు చూసి ముందు సంతోషం వేసింది. నేను రికర్వ్ వేస్తాను, విల్లు చేయడం రాదు. వేసేవాడిగా ఒక మాట అడుగుతాను. నారి ఎలా ఎక్కిస్తున్నావు? రెండు కాళ్ళ మధ్య పెట్టి, తొడకి ఆనించి వంచుతున్నావా? రికర్వ్ లింబ్‌లు అలాగే మెలి తిరుగుతాయి. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే స్ట్రింగర్ తాడు వాడటం నేర్పిస్తారు. రెండు చివర్లకీ తొడుగులు తగిలించి, తాడుని కాలితో తొక్కిపెట్టి, పిడి పట్టుకుని పైకి లేపితే రెండు లింబ్‌లూ సమానంగా వంగుతాయి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర రెండు తోలు తొడుగులు కుట్టించుకుంటే నువ్వే చేసుకోవచ్చు.

బ్రేస్ హైట్ (నారికీ పిడికీ మధ్య దూరం) ఎంత పెట్టావు? ఇంకోటి, బాణం లేకుండా ఉత్త నారి లాగి వదిలావా ఎప్పుడైనా?

కొవ్వూరు_వడ్రంగి:

తమ్ముడూ, నువ్వన్నది నిజమే, కాళ్ళ మధ్య పెట్టే ఎక్కించాను. నాలుగైదు సార్లు. రేపే తొడుగులు కుట్టిస్తా. బ్రేస్ హైట్ ఏడున్నర అంగుళాలు. ఉత్త నారి ఎప్పుడూ వదల్లేదు.

రాయనపాడు_పెద్దాయన:

బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో చెక్కపని చేసి రిటైరయ్యాను. ఈ తొమ్మిదేళ్ళలో 14 విల్లులు చేశాను, అందులో ఇవాళ ధైర్యంగా మనవడి చేతికి ఇవ్వగలిగినవి తొమ్మిది. నీకు చెప్పాల్సింది చాలా ఉంది గానీ, ముందు ఆ ‘టిక్’ సంగతి.

ఆ విల్లుకి నారి దించెయ్. మళ్ళీ ఎక్కించకు. తమ్ముడు చెప్పిన స్ట్రింగర్ మంచిదే, దాంతో కూడా వద్దు.

నా నాలుగో విల్లు ఇలాగే ఒక్కసారి ‘టిక్’మంది. నీలాగే పైకి ఏమీ కనపడలేదు, మళ్ళీ శబ్దం రాలేదు. చెక్క సర్దుకుందిలే అనుకున్నాను. ఇరవై బాణాలు వేశాను. ఇరవై ఒకటోది పూర్తిగా లాగి బుగ్గకి ఆనించిన క్షణంలో పై లింబ్ రైజర్ మీంచి లేచిపోయింది. తుపాకీ పేలినట్టు శబ్దం. గ్లాస్ పేళ్ళు చూపుడు వేలు పొడవున ఊడొచ్చి ఒకటి కనుబొమ్మ మీద దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. అంగుళం కిందకి దిగితే కన్ను. ఆ రోజు పక్కనే మా మనవడు బాణాలు అందిస్తున్నాడు. వాడికేమీ కాలేదు, కానీ ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇప్పుడు పరీక్ష. రూపాయి బిళ్ళ తీసుకుని లింబ్ కొస నుంచి రైజర్ వైపు అంగుళం అంగుళం తట్టుకుంటూ రా. అంటుకున్నచోట ‘టకటక’మని గట్టి శబ్దం వస్తుంది. లోపల విడిపోయినచోట డొల్లగా, ఎండు సొరకాయ మీద తట్టినట్టు వస్తుంది. తర్వాత దూది ఉండ అంచుల వెంట నెమ్మదిగా జరుపు. గ్లాస్ ఎక్కడైనా లేచి ఉంటే పోగులు పట్టుకుంటాయి. పైన టార్చి పెట్టి పక్క నుంచి చూడు, నీది క్లియర్ గ్లాస్ కాబట్టి గాలి చేరినచోట వెండిలా తెల్లగా మెరుస్తుంది. కాకపోతే రైజర్ కొస మీద వెదురు పట్టీ కప్పేసి ఉంటుంది, అక్కడ చూపు ఆనదు. చెవినే నమ్ముకోవాలి.

నాకు అనుమానం ఎక్కడంటే, నీ రైజర్ టేకు. టేకులో నూనె ఉంటుందని నీకు నేను చెప్పక్కర్లేదు, వడ్రంగివి. మంచానికి ఫెవికాల్ పట్టుకుంటుంది, దానికి కుసురు (చెక్కలో చెక్క దూర్చే అతుకు) కూడా ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. విల్లుకి కుసురు లేదు, మేకు లేదు, జిగురు ఒక్కటే దిక్కు. టేకు వాడితే అరవై నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరీ ఆరగానే జిగురు రాయాలి. సాయంత్రం తుడిచి పొద్దున్న అంటిస్తే లాభం లేదు, నూనె మళ్ళీ పైకి వచ్చేస్తుంది. తుడిచాక వేలు కూడా తగలకూడదు.

దానికి తోడు నువ్వు అక్కడే సి-క్లాంపులు బిగించావు. ఎపాక్సీ అంటే బిగించేకొద్దీ పట్టే ఫెవికాల్ లాంటిది కాదు. దానికి మధ్యలో పలచటి పొర ఉండాలి. నువ్వు బలమంతా పెట్టి బిగిస్తే జిగురంతా పక్కలకి కారిపోయి మధ్యలో ఎండిపోతుంది. ట్యూబు పట్టీల ఒత్తిడి సరిపోతుంది, అది ఎక్కడికక్కడ సమంగా పడుతుంది కూడా. రైజర్ కొస కూడా చూసుకో. అది కాగితం మందానికి సన్నబడి లింబ్‌లో కలిసిపోవాలి. పోస్టుకార్డు మందంలో ఆగిపోయినా, విల్లు వంగిన ప్రతిసారీ ఆ మెట్టు మీద జిగురు పైకి లేస్తూ ఉంటుంది. దాన్ని సన్నం చేసేటప్పుడు కింద చెక్క దన్ను పెట్టుకో, లేకపోతే కొస చిరిగిపోతుంది.

జిగురు కంటితో కొలిచి కలిపావా? బంగారం తూచినంత జాగ్రత్తగా తూకం పెట్టి కలపాలి, డబ్బా మీద రాసిన నిష్పత్తి ప్రకారం. ఎక్కువ హార్డెనర్ (గట్టిపరిచే రెండో డబ్బా) వేస్తే గట్టిపడుతుందని కొంతమంది అనుకుంటారు, అది పొరపాటు.

మెలి సంగతి. ఇది ఈ విల్లుకి కాదు, వచ్చే విల్లుకి గుర్తుపెట్టుకో. లింబ్ మెలి తిరిగిందంటే ఒక అంచు రెండోదాని కన్నా గట్టిగా ఉన్నట్టు. బలహీనంగా ఉన్న అంచు ఎక్కువ వంగుతుంది, దాంతో లింబ్ కొస ఒరిగి నారి పక్కకి జరుగుతుంది. కాబట్టి రుద్దాల్సింది గట్టిగా ఉన్న అంచు. చాలామంది బలహీనంగా ఉన్న పక్క రుద్ది మెలిని ఇంకా పెంచుకుంటారు. రుద్దే ముందు కొసలో నారి కూర్చునే గాడి రెండు పక్కలా ఒకే లోతులో ఉందో లేదో చూడు, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. తర్వాత నారి దించి, గట్టి అంచున సుద్దతో గీత గీసి, చెక్కకి చుట్టిన ఎనభై నంబరు కాగితంతో పది సార్లు రుద్ది, నారి ఎక్కించి, సగం దాకా ఇరవై సార్లు లాగి, అప్పుడు చూడు. మళ్ళీ పది. ఒకేసారి వంద సార్లు రుద్దేవాడి విల్లు అవతలి పక్కకి మెలి తిరుగుతుంది.

ఇక బరువు. గట్టితనం వెడల్పుతో అయితే వెడల్పుకి తగ్గట్టే మారుతుంది. మందంతో అయితే ఘనంలో మారుతుంది, అంటే మందం, మందం, మందం మూడూ కలిపి గుణించుకున్నట్టు. 44 నుంచి 35కి రావాలంటే వెడల్పు 42 నుంచి 33 మిల్లీమీటర్లకి తగ్గించాలి. అంత సన్నం చేస్తే రికర్వ్ నిలబడదు, మెలి తిరిగిపోతుంది. అదే మందంలో అయితే 9.6కి బదులు 8.9 చాలు. ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు చూడు, తొమ్మిది పౌండ్లు! కానీ అయిపోయిన విల్లు మీద గ్లాస్ అరగదీసి ఆ తేడా తేలేవు. ఉన్న గ్లాసే ఒక మిల్లీమీటరు, బలమంతా అందులోనే ఉంది. కాబట్టి వచ్చే విల్లుకి వెదురులోనే తగ్గించుకో.

లాగి చూడటానికి నీ చేతులు వాడకు. మా పాత ఇంటి బావి గిలక ఒకటి గోడకి బిగించాను. విల్లు పిడిని పై మేకులకి ఆనించి, నారికి తాడు కట్టి, తాడు గిలక కింద నుంచి తెచ్చి, పది అడుగుల దూరంలో పక్కకి నిలబడి లాగుతాను. ముఖానికి వెల్డింగు వాళ్ళు పెట్టుకునే లాంటి అడ్డు, క్లియర్‌గా ఉండేది. కొత్త విల్లు ఏదైనా వంద సార్లు గిలక మీద వంగి లేచాకే నా చేతికి వస్తుంది.

డాలస్_గరాజ్:

పెద్దాయన చెప్పినదానికి నేను కలపగలిగింది కొంచెమే. ఇక్కడ గరాజ్‌లో మూడు చేశాను. ఇక్కడి వాళ్ళు ట్యూబులకి బదులు అచ్చుకి పై భాగం కూడా కోసి, మధ్యలో ఫైర్ హోస్ ముక్క పెట్టి, దాదాపు 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్ల ఒత్తిడి) గాలి కొడతారు. ఒత్తిడి సమంగా పడుతుంది గానీ, అచ్చు బోల్టులు సరిగా లేకపోతే అది కూడా ప్రమాదమే. మొదటి విల్లుకి ట్యూబులే నయం.

అన్నా, గ్లాస్ ధూళి గురించి ఎవరూ రాయలేదు, నాకు బెంగగా ఉంది. అది చెక్క పొట్టు లాంటిది కాదు. జేబురుమాలు కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు కొను. నిండు చేతుల చొక్కా వేసుకో, పని అయ్యాక ఆ బట్టలు విడిగా ఉతుకు. ఇంట్లో పిల్లలు ఉంటే షెడ్డు బట్టలతో ఎత్తుకోకు. నీళ్ళతో తడిపి రుద్దితే ధూళి లేవదు.

నారికి డాక్రాన్ (కాస్త సాగే పాలిస్టర్ దారం) వాడు. లింబ్ కొసలకి అదనపు పొరలు పెట్టకపోతే సాగని కొత్తరకం దారాలు గాడిని కోసేస్తాయి. 60 అంగుళాల విల్లుకి నారి 56 అంగుళాలు. కారులో ఎండకి విల్లు వదిలేయకు, వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది.

రాయనపాడు_పెద్దాయన:

వేడి అంటే గుర్తొచ్చింది. జిగురు ఆరడానికి నేను ప్లైవుడ్ పెట్టెలో వంద వాట్ల బల్బులు నాలుగు పెట్టి, చిన్న థర్మోస్టాట్ తగిలిస్తాను. ఎంత వేడి, ఎన్ని గంటలు అన్నది నీ జిగురు డబ్బా కాగితంలో చూసుకో, జిగురుని బట్టి మారుతుంది. వేడి పెట్టడం అయ్యాక వెంటనే అచ్చు విప్పకు, పెట్టెలోనే రాత్రంతా చల్లారనివ్వు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో రేకుల షెడ్డులో జిగురు కలపవద్దు. గిన్నెలోనే పొగలు కక్కుతూ గట్టిపడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చుట్టు.

కొవ్వూరు_వడ్రంగి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం రోజులు రాయలేదు, ఏం జరిగిందో చెప్తాను.

బాబాయ్ గారూ, మీ పోస్టు చదవగానే నారి దించాను. రూపాయి బిళ్ళతో తట్టాను. పై లింబ్ రైజర్‌లో కలిసేచోట రెండు అంగుళాల మేర శబ్దం మారిపోయింది. నాన్నని పిలిచి, ఏమీ చెప్పకుండా తట్టమన్నాను. ఆయన కూడా అక్కడే ఆగాడు. “ఇక్కడ డొల్ల” అన్నాడు.

ఒకరోజంతా కొయ్యబుద్ధి కాలేదు. మర్నాడు హ్యాక్సా పట్టుకుని నేనే కోశాను. ఉలి దూర్చి కొంచెం ఎత్తగానే వెదురు పట్టీ రైజర్ మీంచి అరటి తొక్కలా లేచి వచ్చింది. లోపల జిగురు నున్నగా, అద్దంలా ఉంది. దాని మీద ఒక్క టేకు పోగు కూడా అంటుకుని లేదు. కింది లింబ్ పక్క కూడా కోసి చూశాను. అక్కడ చీల్చడానికి చాలా కష్టపడ్డాను, వచ్చినచోట టేకు పేళ్ళు పేళ్ళుగా జిగురుతో పాటు ఊడింది. ఒకే విల్లు, ఒకే జిగురు. తేడా ఏంటని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఎసిటోన్‌తో తుడిచాక కింది పక్క వెంటనే అంటించాను. పై పక్క చేసేలోపు కస్టమర్ వస్తే తలుపు కొలతలు రాసుకుంటూ గంట ఆలస్యం చేశాను. క్లాంపు కింద ఉన్నచోట జిగురు పొర దాదాపు లేనే లేదు, అది కూడా మీరన్నట్టే.

మెలికి కారణం కూడా దొరికింది. కోసిన ముక్క అంచుల్ని వెర్నియర్‌తో కొలిచాను. టేపరు ఉన్న వెదురు పట్టీ ఒక అంచు రెండో అంచు కన్నా 0.2 మిల్లీమీటర్లు మందం. ఒక అంచు గట్టిగా ఉంటుందని మీరు చెప్పింది అక్షరాలా సరిపోయింది. పట్టీలు నేను సొంతంగా చేసుకున్న డ్రమ్ శాండర్‌లో (తిరిగే గరుకు డ్రమ్ముతో చెక్కని అరగదీసే యంత్రంలో) తీశాను. డ్రమ్‌కీ బల్లకీ మధ్య సందులో రెండు పక్కలా బ్లేడు గేజి (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూస్తే ఆ 0.2 అక్కడే ఉంది. బేరింగ్ కింద రేకు ముక్క పెట్టి సరిచేశాను. ఇప్పుడు పట్టీని ఒకసారి పంపాక తిప్పి పంపుతున్నాను, మిగిలిన తేడా ఏమన్నా ఉంటే పోతుందని.

తమ్ముడూ, తోలు తొడుగులు వచ్చాయి. డాలస్ అన్నా, మాస్కు కొన్నాను. మా పాపకి మూడేళ్ళు, మీరు రాసింది చదివి మా ఆవిడ షెడ్డు గుమ్మం బయట ఒక బకెట్, వేరే చొక్కా పెట్టింది.

రెండో విల్లుకి టేకు వద్దనుకున్నాను. నిన్న నాన్న అటకెక్కి గోనెసంచిలో చుట్టిన నల్ల తుమ్మ దుంగ ఒకటి దించాడు. తాతయ్య బండి చక్రాలు చేసే రోజుల్లో దాచిందట, కనీసం ముప్పై ఏళ్ళు ఆరి ఉంటుంది. చిత్రిక పడితే లోపల ముదురు ఎరుపు, పొరలు తిన్నగా చివరి దాకా వెళ్ళాయి. తోపడా బ్లేడు రెండుసార్లు నూరాల్సి వచ్చింది. వెదురు పట్టీలు 8.9 లెక్కకి తీసి ఉంచాను. బాబాయ్ గారూ, నల్ల తుమ్మకి కూడా ఎసిటోన్ తుడవాలా, గరుకు చేస్తే చాలా? ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి చుడదామనుకుంటున్నాను.

రాయనపాడు_పెద్దాయన:

తుడువు. ఖర్చు పది రూపాయలు. కస్టమర్లని మధ్యాహ్నం రమ్మను. నాలుగింటికి నేనూ లేచే ఉంటాను, జిగురు కలిపే ముందు ఫోన్ చెయ్యి, నంబర్ విడిగా మెసేజ్ చేశాను.